పూలజడకి తీసిన కొలత

మా అమ్మాయి జుట్టు మీద నాకు కక్ష పుట్టింది ఆ ఏడాదే. మాదాపూర్ రాళ్ళ గుట్టల మధ్య కొత్తగా లేచిన అద్దాల మేడలో నాకు ఉద్యోగం దొరికిందీ ఆ ఏడాదే. రెండింటికీ సంబంధం ఉంది.

ఆఫీసు బస్సు పొద్దున్నే చందానగర్ మెయిన్ రోడ్డు మీద ఆగేది. ఆగేది అనడం మర్యాద కోసం. కాస్త నెమ్మదించి, అందినవాళ్ళని ఎక్కించుకుని, అందనివాళ్ళని దుమ్ములో వదిలేసి పోయేది. మేం అద్దెకున్న ఇల్లు ఆ రోడ్డుకి రెండు సందుల లోపల. వంట, టిఫిన్ డబ్బాలు, నా చీర కుచ్చిళ్ళు, అన్నీ ఎలాగో ఒక దారికి వచ్చేవి. జడల దగ్గరికి వచ్చేసరికి అంతా ఆగిపోయేది.

పిల్లది అప్పుడు ఒకటో తరగతి. ఆడపిల్లలు రెండు జడలు వేసుకుని, వాటిని పైకి మడిచి, చెవుల వెనక ఎర్ర రిబ్బన్లతో కట్టుకుని రావాలని బడివాళ్ళ నియమం. జడ వేలాడుతూ వస్తే క్లాసు బయట నిలబెట్టేవారు. దాని జుట్టేమో మా అమ్మ పోలిక, ఒత్తుగా, నల్లగా, నూనె పెట్టినా పెట్టకపోయినా చిక్కుపడే రకం. నేను దువ్వెనతో పైనుంచి లాగేదాన్ని. అది కిందినుంచి కేకలు పెట్టేది. "ఇది జుట్టా, పిచ్చుక గూడా?" అని నేను. "నువ్వు లాగుతున్నావు!" అని అది. పాయలు ఎలా పడ్డాయో చూసుకునే ఓపిక కూడా ఉండేది కాదు. అల్లడం, మడవడం, రిబ్బను ముడి బిగించడం, పరుగు.

ఒక్కోరోజు ఇంత చేసినా సందు మలుపు తిరిగేసరికి బస్సు వెనక భాగం కనిపించేది. వెనక్కి వచ్చి ఆ కోపమంతా మా ఆయన మీద దులిపేదాన్ని. పాపం, ఆయన అప్పటికి చేసిన నేరం పేపరు చదవడం. లింగంపల్లి స్టేషన్లో ఆయన ఎక్కే రైలు కాస్త ఆలస్యంగా ఉండేది, అదే ఆయన పాపం. "నేను వేస్తాలేవే జడలు" అని ఒకసారి ముందుకొచ్చారు కూడా. ఆయన వేసిన జడ గేదెకి కట్టే పలుపులా ఉందని పిల్లే విప్పేసుకుంది.

కింద ఉండే ఇంటామెకి ఈ గొడవంతా వినపడేది. వాళ్ళు ఆ ఊరి పాతకాపులు. ఆవిడని ఆంటీ అని పిలిస్తే ఒప్పుకోలేదు, పెద్దమ్మా అనమంది. నేను గోదావరి జిల్లా అలవాటుకొద్దీ దానికి ఒక గారు తగిలించి పెద్దమ్మగారూ అనేదాన్ని. పొద్దున్నే వాకిట్లో చీపురు పట్టుకుని తల పైకెత్తి అడిగేది.

"ఏందమ్మా, పొద్దుపొద్దుగాల్ల పోరిని గట్ల ఏడిపిస్తున్నవ్? జర నిదానంగ దువ్వరాదు?"

"నిదానంగా దువ్వితే బస్సు పోతుందండీ పెద్దమ్మగారూ."

"పోతే పోనీ. బస్సు పోతే ఇంకో బస్సొస్తది."

ఆ వచ్చే ఇంకో బస్సులో మియాపూర్ దాకా నిలబడి, అక్కడ ఇంకోటి మారి, ఆఫీసు గేటు దగ్గర చెమటలు తుడుచుకోవడం ఆవిడకి తెలియదు కదా అనుకునేదాన్ని. మొత్తానికి ఒంటిపూట బడులు మొదలైన వారంలో ఒక సాయంత్రం నా నిర్ణయం ప్రకటించాను. వచ్చే ఆదివారం నాడు పార్లర్‌కి వెళ్ళి జుట్టు మెడ దాకా కత్తిరించేద్దాం, దువ్వుకుంటే చాలు, అందరికీ సుఖం. మా ఆయన ఏదో అనబోయి నా మొహం చూసి పేపరులోకి వెళ్ళిపోయారు.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ మర్నాడు అన్నం తింటూ అంది.

"అయితే ముందు నాకు పూలజడ వేసి, అద్దంలో జడ కనబడేలా ఫోటో తీయించు. తరవాత కత్తిరించు."

అది ఆ మాట ఎందుకంటోందో నాకు తెలుసు. మా పుట్టింటి ఆల్బంలో నా ఫోటో ఒకటి ఉంది. దాని వయసులోనే తీసింది. పరికిణీ కట్టుకుని, వీపు అద్దం వైపు పెట్టి, దొంగచూపులు చూస్తూ నిలబడి ఉంటాను. వెనక అద్దంలో మెడ నుంచి నడుం దాకా మల్లెమొగ్గల జడ. మా వైపు వేసవిలో మల్లెలు దిగాయంటే ఇంట్లో ఆడపిల్లలకి ఆ ముచ్చట తీర్చాల్సిందే. మొగ్గలు ఒక్కొక్కటే సూదితో వరసలుగా కుట్టి, నడుమ కనకాంబరాలు, మరువం వేసి, చివర జడకుచ్చులు కడతారు. ఆ తరవాత స్టూడియో. అందరిళ్ళలోనూ అదే అద్దం, అదే ఫోటో, అందులో పిల్ల మొహమే మారుతుంది.

"నీకుంది, నాకు లేదు" అంది మా పిల్ల. బేరం సబబుగానే ఉంది. సరేనన్నాను.

సందు చివర ఎస్టీడీ బూత్ నుంచి అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ మహా సంబరపడింది. ఆ వెనకే ఆదివారం కత్తెర ఉందని నేను చెప్పలేదు. మొగ్గలు గట్టివి ఏరుకో, తడిగుడ్డలో చుట్టి పెట్టు, విచ్చుకోకముందే ఫోటో అయిపోవాలి, పిల్లని ఎదర కూర్చోబెట్టుకుని జడ మీదే కుట్టు, అదే అందం అంది.

"అంతసేపు ఎక్కడ కూర్చుంటానమ్మా? అట్టముక్క మీద కుట్టేసుకుని, జడకి కట్టేస్తాను."

"నీ ఇష్టం. కొలత మటుకు జాగ్రత్తగా తీసుకోవే."

కొలత ఎంతసేపు! మర్నాడు పొద్దున పిల్ల బడికి తయారై గుమ్మంలో నిలబడి పాలు తాగుతుంటే, వెనక నుంచి ఒక దారం దాని మెడ మీద ఆనించి, జడ చివరి దాకా పట్టి, ముడి వేసి, దారాన్ని పర్సులో పెట్టుకున్నాను. అది గ్లాసు దించేలోగా అయిపోయింది. బస్సు కూడా దొరికింది.

శనివారం నాకూ పిల్లకీ కూడా సెలవు. పొద్దున మార్కెట్‌కి వెళ్ళి మల్లెమొగ్గలు తెచ్చుకుని, తీరిగ్గా కుట్టుకుందామనుకున్నాను. మొగ్గలు తెచ్చి గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, ఇంటామె ఫోన్‌కి ఆఫీసు నుంచి పిలుపు. అప్పట్లో మా పనంతా తారీఖుల పని. పాత ప్రోగ్రాముల్లో చోటు కలిసొస్తుందని సంవత్సరానికి చివరి రెండంకెలే రాసి వదిలేశారు. రెండు వేలొచ్చేలోగా వాటిని నాలుగంకెలుగా మార్చాలి. ఎక్కడో ఒక పరీక్ష తప్పిందట, వెంటనే రమ్మన్నారు. పిల్ల నా చేతిలో పొట్లం వైపు చూసింది.

"మధ్యాహ్నానికి వచ్చేస్తాను. జడ కుట్టి పట్టుకొస్తాను" అన్నాను, పొట్లం, సూదీదారం, పాత జాకెట్టు గుడ్డ సంచిలో వేసుకుని ఆటో ఎక్కుతూ.

ఆఫీసులో కంప్యూటర్లన్నీ పెట్టే గది ఒకటి ఉండేది. బయట ఎండలు మండిపోతున్నా ఆ గదిలో స్వెట్టర్ వేసుకోవాలి. తడిగుడ్డలో మూటగట్టిన మొగ్గల్ని పట్టుకెళ్ళి అక్కడ పెట్టాను. ప్రోగ్రాము ఒకసారి నడపడం మొదలుపెడితే జవాబు వచ్చేదాకా చేసే పనేమీ ఉండదు. ప్రింటర్ కాగితాల కట్ట అడుగున వచ్చే అట్టని దారం కొలతకి కత్తిరించి, పాత జాకెట్టు గుడ్డ చుట్టి, ఆ చలిలో కుర్చీ వేసుకుని కుట్టడం మొదలుపెట్టాను.

నేను లెక్కలోకి తీసుకోనిది ఒకటే. ఆ గదిలో గాలి గొట్టాల్లోంచి అంతస్తంతా తిరుగుతుంది. కాసేపటికి మా మేనేజరు గాలి వాసన చూసుకుంటూ వచ్చాడు. ఆయన గుంటూరు వైపు మనిషి, ఇంగ్లీషులో తప్ప మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నా ఒడిలో మొగ్గలు చూసి కొయ్యబారిపోయాడు. ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"పూలజడా అండీ?" అన్నాడు.

అవునన్నాను.

"మా చెల్లికి మా అమ్మ కుట్టేది. మొగ్గలు నేనే ఏరి ఇచ్చేవాణ్ణి" అని ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుని, మొగ్గల్ని సైజుల వారీగా వేరు చేయడం మొదలుపెట్టాడు. పెద్దవి పైకి, చిన్నవి కిందికి. ఆయన ఏరుతుంటే నేను కుట్టాను. నడుమ నడుమ లేచి పరీక్ష ఏమైందో చూసి వచ్చాం. అది ఆ రోజు బాగానే నడిచింది. నా కుట్టు కూడా బాగా కుదిరింది. అమ్మ కుట్టినంత కాకపోయినా, చూస్తే నాకే ముచ్చటేసింది. చేతిలో పని ఇంత నిదానంగా సాగి ఎన్నాళ్ళయిందో అనిపించింది.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటి ఎండ వాలుతోంది. మా ఆయన పిల్లకి తలంటి పోయించి, కింద పెద్దమ్మ దగ్గర కూర్చోబెట్టారు. నా పట్టుచీర ఒకటి కత్తిరించి కుట్టించిన పరికిణీ కట్టుకుని, జుట్టు విరబోసుకుని, అరుగు మీద గుడాలు తింటోంది. మా వైపు గుగ్గిళ్ళు అంటాం. ఉడికించిన శనగలు, పైన కాస్త ఉల్లిపాయ. నా చేతిలో జడ చూసి గిన్నె పక్కన పెట్టేసింది.

"ఏందమ్మా గిది? పిల్ల నెత్తి మీద బతుకమ్మ పేరుస్తవా?" అని పెద్దమ్మ ఎంతో ఆశ్చర్యపోయింది.

నేను పిల్ల వెనక కూర్చుని నిదానంగా దువ్వాను. ఆరిన జుట్టు, చిక్కులు లేవు, తొందర లేదు. ఒకటే జడ అల్లాను. అల్లుతూనే ఉన్నాను. చేతులు కిందికి దిగుతున్నాయి, జడ ఇంకా ఉంది. చివర ముడి వేసేసరికి నా వేళ్ళు అరుగుకి తగిలాయి. అప్పటికీ నాకు వెలగలేదు. పూలజడ మెడ దగ్గర పెట్టి కిందికి పరిచాను. అది వీపు సగంలో ఆగిపోయింది. దాని కింద మిగతా జడంతా బోసిగా, నల్లగా, నడుం దాటి వేలాడుతోంది.

అప్పుడు అర్థమైంది. నేను కొలిచింది మడిచిన జడ. బడి కోసం పైకి మడిచి కట్టిన జడని, ఉన్నది అంతే అనుకుని కొలిచాను. ఎవరో ఎక్కడో మడిచి దాచేసిన అంకెల్ని విప్పి సరిదిద్దడం నా ఉద్యోగం. రోజూ నా చేతులతో నేనే మడిచిన జడ సంగతి నాకు గుర్తు రాలేదు.

"గింత పొడుగున్నదా దీని జుట్టు!" అంది పెద్దమ్మ. ఆవిడ కూడా దాన్ని ఎప్పుడూ రిబ్బన్లతోనే చూసింది.

పిల్ల చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంది. పూలు ఎక్కడ ఆగాయో దాని వేళ్ళకి తెలిసింది.

"అమ్మా, కింద పూలు లేవు."

"ఫరవాలేదులే నాన్నా, బాగానే ఉంది. ఫోటోలో ఇలా కూడా..."

"కాదు. రేపు కత్తిరించేస్తావుగా" అంది. ఆ గొంతులో కోపం లేదు. నేను ఆఫీసులో ఎవరికైనా పని వివరించి చెప్పేటప్పుడు ఎలా చెబుతానో అలా చెప్పింది. "ఇవాళ మొత్తం కనబడాలి కదా. చివరి దాకా."

నాకు ఏడుపొచ్చేసింది. అది చూడకుండా వెనక కూర్చుని ఉన్నాను గనక బతికిపోయాను. పెద్దమ్మ మటుకు చూసింది. లేచి చీర చెంగు బొడ్లో దోపుకుంది.

"ఫికర్ జెయ్యకు. పువ్వు తక్కువైతే ఇంకిన్ని పువ్వులు పెడ్తం, గంతే గద. మా దిక్కు ఏ పువ్వు దొరికితే గా పువ్వే పేరుస్తం" అని పెరట్లోకి నడిచింది. గన్నేరు, నందివర్ధనం కొంగు నిండా కోసుకొచ్చి నా పక్కన గుమ్మరించింది.

ఇంకో అట్ట వెతికే సమయం లేదు. పైన మొగ్గలు అప్పుడప్పుడే మూతులు విప్పుతున్నాయి. అమ్మ చెప్పినట్టు జడ మీదే కుట్టాను. సూది పాయల్లోంచి పోనిచ్చి, నందివర్ధనం ఒక వరస, గన్నేరు ఒక వరస. పెద్దమ్మ పూల తొడిమలు తుంచి అందిస్తూ, మధ్యమధ్య పిల్ల నోట్లో నాలుగు గుడాలు వేస్తూ, కదలకుండా కూర్చోబెట్టింది. పిల్ల అడిగింది ఒక్కసారే, "సూది నాకు గుచ్చుకోదుగా?" అని. గుచ్చుకోదన్నాను. నమ్మింది. ఏడాది పాటు రోజూ ఆ తల దగ్గర ఏడుపే విన్నదాన్ని, ఆ సాయంత్రం దాని మెడ వెనక చిన్న పుట్టుమచ్చ ఉందని మొదటిసారి చూశాను. దువ్వేటప్పుడు మెడ ఎడమ వైపుకి వంచుతుందని చూశాను. నా కూతురే, నా చేతుల్లోనే, ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాను.

స్టూడియోకి ఆటోలో వెళ్ళాం. పూలు నలిగిపోతాయని అది సీటుకి ఆనకుండా, ముందు కడ్డీ పట్టుకుని కూర్చుంది. ఫోటోగ్రాఫరు అద్దం సరిచేసి, జడ చూసి గడ్డం గోక్కున్నాడు.

"గిదేం డిజైన్ మేడమ్? పైన ఒకటి, కింద ఒకటి?"

"మా ఇంటి డిజైన్. మొత్తం పడాలి. చివరి దాకా పడకపోతే మళ్ళీ తీయాలి" అన్నాను. నా గొంతు విని అతను స్టూలు వెనక్కి జరుపుకుని, జడ చివరి దాకా వచ్చేలా తీశాడు.

ఇంటికొచ్చాక చిన్న కత్తెర తీసుకుని కుట్లు విప్పాను. దారం ఏదో, వెంట్రుక ఏదో వెలుగులో పెట్టి చూసుకుంటూ, ఒక్కొక్క దారమే కత్తిరించాను. పిల్ల నా ఒళ్ళో తల పెట్టి అప్పటికే నిద్రపోయింది. ఒక్క వెంట్రుక కూడా తెగలేదు. పొద్దున్నే మొత్తం తీసేయబోయే జుట్టుకి ఇంత జాగ్రత్త ఏమిటే అని నన్ను నేనే అడిగాను. మా ఆయన పేపరు పక్కన పెట్టి నన్నే చూస్తున్నారు. "ఏమిటి?" అన్నాను. "ఏం లేదు" అన్నారు.

ఆదివారం నేను లేచి వంటింట్లో కాఫీ కలుపుతుంటే, పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడింది. మొహం కడుక్కుంది. గౌను వేసుకుంది. చెప్పులు కూడా వేసుకుంది. జడ కుదుళ్ళలో ఇంకా ఒక మల్లెరేకు చిక్కుకుని ఉంది.

"పద అమ్మా, పార్లర్‌కి."

"ఇవాళ వద్దులే."

"ఆదివారం అన్నావుగా?"

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. అసలు ఎప్పుడూ వద్దు. నీ జుట్టు ఎంతుందో నిన్ననే కదా చూశాను, ఇప్పుడెలా కత్తిరిస్తాను?"

అది సంతోషపడి గంతులేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. చెప్పులు విప్పలేదు. ఏదో పెద్ద చిక్కు వచ్చిపడినట్టు మొహం పెట్టి, గొంతు తగ్గించి, వసారాలో వాళ్ళ నాన్న వైపు ఒకసారి చూసి అడిగింది.

"మరి నీ బస్సు?"

"నా బస్సుకేమైంది?" అన్నాను.

"జడలుంటే నీ బస్సు వెళ్ళిపోతుంది కదా. బస్సు పోతే నాన్నని తిడతావు. అందుకే కదా నేను సరే అన్నాను."

గ్లాసు గట్టు మీద పెట్టేశాను. ఫోటో కోసం బేరం ఆడిందనుకున్నాను. అద్దంలో ఒకసారి చూసుకుని, ఆ పొడుగంతా మా ఇంట్లో గొడవ లేకుండా ఉండడానికి ఇచ్చేద్దామనుకుంది ఆ చిట్టి బుర్ర. దాన్ని ఎత్తుకున్నాను. ఎత్తుకునే వయసు దాటిపోయింది, నడుం పట్టేసింది, అయినా దించలేదు.

"రేపటి నుంచి సాయంత్రం నేను ఇంటికి రాగానే అల్లేస్తాను. పొద్దున రిబ్బన్లు కట్టడమే. నాన్న కడతారు. బస్సు ఎక్కడికీ పోదు" అన్నాను.

"తిట్టవుగా?"

"తిట్టను."

ఆ మాట అన్నిసార్లూ నిలబెట్టుకున్నానని చెప్పను. నా నోరు నాకు తెలుసు. కాని జడలు మటుకు ఆ తరవాత సాయంత్రాలే అల్లాను. కింద అరుగు మీద, పెద్దమ్మ పక్కన ఏదో ఒకటి ఒలుచుకుంటూ కూర్చుంటే, ఆఫీసు చీరతోనే.

ఆ ఆదివారం మాత్రం పొద్దున్నే అల్లాను. కాఫీ చల్లారిపోయింది. దాన్ని గుమ్మంలో కూర్చోబెట్టి, చెప్పులు విప్పించి, చిక్కు ఉన్నచోట వేళ్ళతో విడదీసి, రెండు జడలు వేశాను. అలవాటుకొద్దీ అది రెండు ఎర్ర రిబ్బన్లూ వెనక్కి అందించింది. వాటిని జడల చివర్న, ఎక్కడ జుట్టు అయిపోతుందో అక్కడ, కట్టాను. మడవలేదు.